గాజుతొట్టిలోని సిక్లిడ్ చేపలు - మన చెరువుల క్షేమము

కొన్ని యేండ్లుగా కరీంనగరు, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాదు పట్టణములలోనే గాక పెద్ద గ్రామములలోను రైతుల యిండ్లయందు గాజుతొట్టెలు కనబడుచున్నవి. వానిలో బంగారు చేపలతోబాటు ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, ఏంజెల్, నల్లచారల కాన్విక్ట్, పసుపు నీలము రంగుల ఆఫ్రికా చేపలు తిరుగుచుండును. బంగారు చేప తప్ప తక్కినవన్నియు సిక్లిడ్ అను నొక్క కుటుంబమునకు జెందినవే. వరి, పత్తి, పసుపు, మొక్కజొన్నలను గూర్చి వ్రాయవలసిన యీ పత్రికలో వినోదపు చేపల ప్రసక్తి యేల యని సభ్యులు కొందరడుగవచ్చును. అడుగుట న్యాయమే. మా సమాధానమిది: ఇంటి మోరీ నీరు కాలువకు, కాలువ నీరు కుంటకు, కుంట మత్తడి దుంకి క్రింది చెరువునకు చేరు ప్రాంతము మనది. శ్రీరామసాగరము నీరు కాకతీయ కాలువ గుండ దిగువ మానేరునకు, అచ్చటినుండి యింకను క్రిందికి పోవుచున్నది. ఇట్టి చోట నొక యింటి తొట్టిలోని చేపకును ఊరి చెరువునకును మధ్య నున్న దూరము ఒక్క పెద్ద వాన మాత్రమే.

మా అభిప్రాయమును ముందుగనే స్పష్టముగ జెప్పుచున్నాము. సిక్లిడ్ చేపలను పెంచవచ్చును, పిల్లలను తీయవచ్చును. అది చక్కని విద్య. శ్రద్ధగలవారికి కొంత యాదాయము గూడ. కాని వాని సంఖ్యకును, వాని తుదకును పెంచువాడే బాధ్యుడు. ఒక్క చేపయైనను చెరువులోనికి పోరాదు. ఏ గుణమును జూచి మనము వానిని ముచ్చటపడి పెంచుదుమో, ఆ గుణమే చెరువులో చేటు దెచ్చునని యీ వ్యాసమున జూపదలచితిమి.

సిక్లిడ్ కుటుంబములో శాస్త్రజ్ఞులు వర్ణించిన జాతులు 1,700కు పైగా గలవు. వానిలో నధికభాగము ఆఫ్రికాలోను, మధ్య దక్షిణ అమెరికాలలోను నున్నవి. ఆఫ్రికాలోని మలావి, టాంగన్యికా, విక్టోరియా సరస్సులు వీనికి పుట్టినిండ్లు. మన దేశమున సహజముగ నున్నవి మూడే: కేరళీయులు కరిమీన్ అని పిలుచుకొని 2010లో రాష్ట్రపు చేపగా ప్రకటించుకొనిన పచ్చ క్రోమైడ్, దక్షిణ తీరములలోను లంకలోను నుండు చిన్న నారింజ క్రోమైడ్, కన్నడ దేశపు నదులలో నుండు కనరా క్రోమైడ్. మానేరు, కడెం, ప్రాణహిత నీళ్లలో సహజముగ బుట్టిన సిక్లిడ్ ఒక్కటియు లేదు. ఫ్లవర్‌హార్న్ ప్రకృతిలో నెచ్చటను లేదు. 1990 ప్రాంతములలో మలేషియాలో మనుష్యులు సంకరము చేసి పుట్టించినది.

ఈ కుటుంబపు ప్రత్యేక గుణము సంతాన రక్షణము. మన రోహు, బొచ్చె, మ్రిగాల చేపలు లక్షలకొలది గ్రుడ్లను ప్రవాహములో విడిచి తమ దారిని తాము పోవును. సిక్లిడ్ చేపలట్లు చేయవు. కాన్విక్ట్ జంట రాతినో కుండపెంకునో నోటితో శుభ్రపరచి, దానిపై గ్రుడ్లు పెట్టి, రెక్కలతో విసరుచు రాత్రింబవళ్లు కాచును. పొదిగిన పిల్లలను నోట గరచుకొని గుంటలోనికి మార్చును. ఈదు పిల్లల గుంపును ముందొకటి వెనుక నొకటిగా నిలిచి మేపును. డిస్కస్ చేపల పిల్లలు తలిదండ్రుల చర్మముపై నూరు జిగురును దిని పెరుగును. మలావి చేపలలో తల్లి గ్రుడ్లను నోటియందే యుంచుకొని యించుమించు మూడు వారములు మేత మాని పిల్లలను గాపాడును. మన కొర్రమీను తన యెర్రని పిల్లల గుంపు క్రింద నుండి కాపుకాయుట చెరువుగట్టున తిరిగిన వారందరు చూచియే యుందురు. అయితే కొర్రమీను ఈ నీళ్లకు జెందినది. దానికి జోడైన వేట, శత్రువు, కరవు అన్నియు నిచ్చటనే యున్నవి. సిక్లిడ్ చేపకు మన చెరువులో నట్టి కట్టుబాటు లేదు.

ఇక పెంపకమును గూర్చి అవసరమైనంత చెప్పెదము. సరిగా పెంచని చేపయే తుదకు చెరువు పాలగును గాన నిది ప్రస్తుతమే.

మూడడుగుల పొడవు, 15 అంగుళముల వెడల్పు, 15 అంగుళముల లోతుగల తొట్టిలో సుమారు 130 లీటర్ల నీరు పట్టును. నీటి బరువే 130 కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు వేరు. కనుక బల్ల గట్టిదై యుండవలెను. ఇట్టి తొట్టి యొక్క కాన్విక్ట్ జంటకు గాని కొన్ని నారింజ క్రోమైడులకు గాని చాలును. ఆస్కార్ చేపకు చాలదు. అంగడిలో నది వ్రేలంత యుండును. ఏడాది తిరుగకముందే జానెడు దాటి, పిమ్మట నడుగు పొడవు వరకు పెరుగును. కొనునపుడు పిల్లను గాక పెరిగిన చేపను మనస్సునం దుంచుకొని కొనవలెను. చెరువులలో విడువబడు చేపలలో నెక్కువభాగము తొట్టి చాలనంత పెరిగినవే.

తొట్టి నింపిన నాడే చేపలను వేయరాదు. రైతునకు నత్రజని సంగతి కొత్తది గాదు. చేప మలమూత్రములనుండి అమ్మోనియా పుట్టును, అది విషము. నీటిలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మరికొన్ని నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు కొంతవరకు హానిలేనిది. ఈ సూక్ష్మజీవులు వడపోత యంత్రపు స్పంజిలో స్థిరపడుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. పేడ యెరువు మాగకముందే మొక్క మొదట వేసిన మొక్క మాడునట్లే, నీరు మాగకముందే వేసిన చేప చచ్చును. తరువాత వారమున కొకమారు నాల్గవవంతు నీరు మార్చవలెను. కుళాయి నీటిలో క్లోరిన్ యున్నచో విరుగుడు మందు వేసి వాడవలెను. స్పంజిని కుళాయి క్రింద గడుగక తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.

మన బోరు నీరు సాధారణముగ కఠినమైనది. మలావి చేపలకు, కాన్విక్టులకు నది యనుకూలము. మెత్తని నీరు గోరు డిస్కస్ వంటివానికై పాటుపడుట కంటె ఉన్న నీటికి తగిన చేపను ఎన్నుకొనుట మేలు. నేలను బట్టి పైరు వేయుటయు నిట్టిదే గదా. ఉష్ణము 24 నుండి 28 డిగ్రీల మధ్య నుండవలెను. ఆదిలాబాదు ప్రాంతమున చలికాలపు రాత్రులు కొన్ని 5 డిగ్రీల దరికి దిగును. రామగుండము వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటుట కలదు. కనుక చలికి 100 లేక 150 వాట్ల హీటరు, ఎండకు రేకుల కప్పు లేని గది, కరెంటు పోయినపుడు బ్యాటరీతో నడచు గాలి పంపు సిద్ధముగ నుండవలెను. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగ నిలుచును.

రైతు యింట మరియొక ప్రమాదము కలదు. పైర్లకు గొట్టు పురుగుమందులు, ముఖ్యముగ సైపర్‌మెత్రిన్ జాతివి, చేపలకు అతి స్వల్ప మాత్రలోనే ప్రాణాంతకములు. పిచికారీ డబ్బాను తొట్టియున్న గదిలో పెట్టరాదు. మందు చల్లిన చేతిని నీటిలో ముంచరాదు. మేతకు వానపాములు మంచివే, గాని మందు తగులని గుంటలోనివై, కడిగినవై యుండవలెను. నాచు తిను మలావి చేపలకు మాంసపు మేత సరిపడదు; ఉడికించిన పాలకూర, నాచు కలిసిన గుళికలు వేయవలెను.

పిల్లలు తీయు విద్యకు కాన్విక్ట్ చేప సులభమైనది. మగది పెద్దది, పొడవైన రెక్కలు కలది. ఆడదాని పొట్టపై నారింజ మచ్చ యుండును. ఆరు చిన్న చేపలను కలిపి పెంచిన వానిలో జంట తానే కుదురును. బోర్లించిన చిన్న కుండ నొకటి పెట్టిన దానిలో గ్రుడ్లు పెట్టును. మూడు దినములలో గ్రుడ్లు పొదుగును. వారము దాటుసరికి పిల్లలు ఈదును. అప్పుడే పొదిగిన ఆర్టిమియా పురుగులు మొదటి మేతగా నుత్తమము. లేనిచో మెత్తగ నూరిన గుళిక పొడి దినమునకు మూడు నాలుగు మారులు కొలదిగ వేయవచ్చును. ఒక యీతకు నూటికి పైగా పిల్లలు బ్రదుకుట సామాన్యము. తలిదండ్రులు కొలది వారములకే మరల గ్రుడ్లకు సిద్ధపడును.

అసలు ప్రశ్న యిచ్చటనే పుట్టుచున్నది. మొదటి యీత యిల్లెల్ల సంబరము. రెండవ యీత బంధువులకు పంచిపెట్టుదురు. మూడవ యీతకు అంగడివాడు ‘ఇక వద్దు’ అనును. నాల్గవదానిని బకెట్టులో పోసికొని చెరువుగట్టునకు నడచుదురు. ఇది దురాశ చేత గాదు, లెక్క చూచుకొనకపోవుట చేత జరుగుచున్నది. కోళ్లు పెట్టువాడు గూడు కొలిచి పెట్టును. చేపలు పెట్టువాడును అట్లే కొలువవలెను.

చెరువులో నేమగునో చెప్పుటకు మన దేశమందే పెద్ద నిదర్శనము గలదు. తిలాపియా అనునది గూడ సిక్లిడ్ కుటుంబములోనిదే. జిలేబి చేప యని అంగళ్లలో బిలుతురు. మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశమునకు దెచ్చిరి. తక్కువ ఖర్చుతో పేదలకు మాంసాహారము దొరకునని తెచ్చిన వారి తలంపు మంచిదే. కాని యిది రెండు మూడు నెలలకే ఈడేరును. తల్లి గ్రుడ్లను నోటిలో దాచును. నిలువ నీటిలోనే యేడాదికి పలుమారులు పిల్లలు పెట్టును. సంఖ్య పెరిగినకొలది మేత చాలక చేప గిడసబారును. చేరెడు చేపలు చెరువు నిండ నుండును, కొనువాడుండడు. ఇది గుర్తించి భారత మత్స్య పరిశోధక సంఘము 1959లోనే దాని వ్యాప్తిని నిషేధింపవలెనని నిర్ణయించెను. అప్పటికే ఆలస్యమయ్యెను. తమిళనాట వైగై జలాశయములోను, రాజస్థానపు జైసమంద్ సరస్సులోను తిలాపియా హెచ్చి దేశీయమైన పెద్ద చేపల దిగుబడి తగ్గెను.

ఇందులకు కారణము రైతు తెలిసికొనదగినది. రోహు, బొచ్చె, మ్రిగాల నిలువ నీటి చెరువులో పిల్లలు పెట్టవు. వానికి వరద ప్రవాహము గావలెను. 1957లో హీరాలాల్ చౌదరి, అలీకున్ని మొదలగు శాస్త్రజ్ఞులు ఒరిస్సాలో పిట్యూటరీ సూదిమందుతో వీనిచే గ్రుడ్లు పెట్టించిన పిమ్మటనే విత్తన చేపలు విరివిగ దొరకుట మొదలయ్యెను. ఇప్పటికిని ప్రతి యేడు పిల్లలను దెచ్చి చెరువులో వదలవలసినదే. మన రాష్ట్రములో 2016 నుండి ప్రభుత్వము ఉచితముగ చేపపిల్లలు వదలు పథకమును మొదలుపెట్టినది గూడ నీ కారణముచేతనే. అనగా రోహు చేప చెరువులో మనము వేసిన పైరు. తిలాపియా తానే మొలచి తానే విత్తు రాల్చుకొను కలుపు. వేసిన పైరునకు ప్రతియేట పెట్టుబడి, కలుపునకు పెట్టుబడి లేదు. గెలుపెవరిదో చెప్పనక్కరలేదు.

నష్టపడువా రెవరు? చెరువును నమ్ముకొనిన మత్స్య పారిశ్రామిక సహకార సంఘముల సభ్యులు, ముదిరాజులు, గంగపుత్రులు. వారి సంఘము మన సంఘమువలెనే వాటా ధనముతోను, ఉమ్మడి కష్టముతోను నడచుచున్నది. ఒక సహకార సంఘ సభ్యుడు తన పెరటి వినోదముచే మరియొక సహకార సంఘపు పంటను చెరచుట సహకార ధర్మము గాదు.

దీనికి కొన్ని యాక్షేపణలు వినబడుచున్నవి. వానికి బదులు చెప్పుట మా విధి.

మొదటిది: ‘తిలాపియా నిప్పుడు ప్రభుత్వమే పెంచనిచ్చుచున్నది గదా’ యని. నిజమే. మేలురకపు గిఫ్ట్ తిలాపియాకు అనుమతి గలదు. కృష్ణా జిల్లా మానికొండలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ వారు దాని పిల్లలను దీయుచున్నారు. కాని యది లైసెన్సుతో, కట్టుదిట్టమైన చెరువులలో, సంతానము హెచ్చకుండ మగపిల్లలనే పెంచు పద్ధతి. ఊరి చెరువులో పోయుట కది యనుమతి గాదు.

రెండవది: ‘ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ మన చెరువులో బ్రదుకునా? నాలుగు దినములలో చచ్చును’ అని. అన్నియు బ్రదుకవు. ఏది బ్రదుకునో ముందుగ నెవరును చెప్పజాలరు. అమెరికాలోని ఫ్లోరిడా కాలువలలో ఆస్కార్ చేప స్థిరపడిపోయినది. మన రెండు తెలుగు రాష్ట్రములలో జాలరుల వలలను చించుచున్న దయ్యపు చేప, ఆ ముండ్ల సక్కర్ చేప, గాజుతొట్టి నాచు తినుటకై దక్షిణ అమెరికానుండి తేబడిన దాని బంధువే. అదియు మొదట నాలుగు దినములలో చచ్చుననియే తలచియుందురు. చేప చచ్చినను దాని వెంటనున్న రోగక్రిములు, పరాన్నజీవులు చావకపోవచ్చును.

మూడవది యన్నింటికన్న బలమైనది: ‘జీవమును చంపుట పాపము, నీటిలో విడుచుట పుణ్యము’ అని. ఈ దయను మేము గౌరవించుచున్నాము. కాని ఒక్క జీవమునకు చూపిన దయ వేయి జీవములకు చేటగునపుడు అది దయ యనిపించుకొనదు. పరిగెలు, బొమ్మిడాయిలు, జెల్లలు గూడ జీవములే. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950, 1960 ప్రాంతములలో నైలు పెర్చ్ అను పెద్ద చేపను విడిచిరి. 1980 తరువాత చూడగా ఆ సరస్సులో మాత్రమే యుండిన సిక్లిడ్ జాతులు అనేకము రూపుమాసెను. అచ్చట పరాయి చేపవలన నశించినది యీ సిక్లిడ్ కుటుంబమే. కనుక తప్పు చేపది గాదు. తావు మార్చిన మనుష్యునిది.

ఇంత చెప్పినను గాజుతొట్టెలను మానుడని మేము చెప్పుట లేదు. చెన్నపట్టణపు కొళత్తూరులో ఎన్నో కుటుంబములు సిమెంటు తొట్టెలలో వినోదపు చేపలను పెంచి జీవించుచున్నవి. కేంద్ర ప్రభుత్వము 2020లో ఆరంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి వినోదపు చేపల యూనిట్టును గూడ జేర్చి, సామాన్యులకు నూటికి 40 వంతులు, స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 60 వంతులు సహాయముగ నిర్ణయించిరి. ఇప్పటి నిబంధనలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయములో నడిగి తెలిసికొనవలెను. ఆదాయమున్న పనికి కట్టుబాటును వెంట నుండవలెనన్నదే మా మాట.

అట్టి కట్టుబాట్లుగ మేము సూచించునవి యివి:

1. కొనుగోలుదారు కుదిరిన పిమ్మటనే జంట కట్టవలెను. లేనిచో మగవానిని, ఆడవానిని వేరు తొట్టెలలో నుంచవలెను.

2. తొట్టి మార్చిన నీటిని మోరీలో పోయక గుడ్డతో వడగట్టి కూరగాయల మళ్లకు, కొబ్బరి మొదళ్లకు పోయవలెను. దానిలోని నైట్రేటు మొక్కకు ఆహారము; గ్రుడ్లు, పిల్లలు గుడ్డలో నిలిచిపోవును.

3. పెరటి సిమెంటు తొట్టెలు వాన నీరు పొర్లని యెత్తున నుండవలెను. పొర్లుగొట్టమునకు సన్నని జాలి బిగింపవలెను.

4. పెంచలేని చేపలను తీసికొనుటకు సంఘ కార్యాలయమున ఒక తొట్టి యేర్పరచి, కోరిన సభ్యులకు గాని అంగడికి గాని యీయవలెను.

5. నయముకాని రోగము గలదానిని లవంగనూనె బాగుగ కలిపిన నీటిలో నుంచి బాధలేకుండ ముగించి పెరటిలో పాతిపెట్టవలెను, మోరీలో వేయరాదు.

6. వలలో క్రొత్తరకపు చేప కనబడిన మరల నీటిలో విడువక, ఫోటో తీసి మత్స్య సహకార సంఘమునకును మత్స్యశాఖకును తెలుపవలెను.

7. తిలాపియాను వినోదమునకైనను పెరటి తొట్టెలలో పెంచరాదు.

ఇవి ఖర్చుతో గూడినవి కావు. నాల్గవ యంశమునకు మాత్రము ఒక సిమెంటు తొట్టి, ఒక గాలి పంపు కావలెను. వచ్చు సర్వసభ్య సమావేశమున నీ యేడంశములను తీర్మానరూపమున బెట్టవలెననియు, ఆ సమావేశమునకు ఊరి మత్స్య పారిశ్రామిక సంఘపు అధ్యక్షుని పిలిచి వారి మాటను గూడ వినవలెననియు సభ్యులను గోరుచున్నాము. చెరువు నీటిని పంచుకొనుచున్న రెండు సంఘములు చెరువు కాపుదలను గూడ పంచుకొనుట ఉచితము.